పరిహారం ఎవరికి?

బతుకంతా న్యాయశాస్త్రం బోధించిన గురువుగారి స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. వలస సామ్రాజ్యాల బానిస చట్టాలను ఎంచుకున్నాను. ఏ చట్టమైనా ఎవరి పక్షమో తేలాలంటే అందులో డబ్బు ఎవరికి ముడుతున్నదో చూడాలని నా అభిప్రాయం.

1685లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ కరీబియన్ దీవుల కోసం ఒక శాసనం చేశాడు. పేరు ‘కోడ్ నువార్’, అధికరణాలు 60. బానిసకు వారానికి ఎంత కర్రపెండలం పిండి, ఎంత ఉప్పుమాంసం పెట్టాలో అందులో ఉంది. నెల రోజులు పరారీలో ఉన్నవాడికి చెవులు కోసి, భుజం మీద రాజముద్ర కాల్చమనీ ఉంది. 44వ అధికరణం బానిసను చరాస్తి అంది. వీటిని అందరూ ఉదహరిస్తారు. నేను ఆగిపోయింది 40వ దాని దగ్గర. యజమాని ఫిర్యాదు మీద బానిసకు మరణశిక్ష పడితే, శిక్ష అమలుకు ముందే దీవిలోని ఇద్దరు పెద్దమనుషులు అతని ఖరీదు కట్టాలి. ఆ సొమ్ము యజమానికి ముట్టాలి. దాన్ని మిగతా బానిసల లెక్కన తలకింత చొప్పున వాళ్ల యజమానుల దగ్గర వసూలు చేయాలి. చావబోయే మనిషిని ఎదుట పెట్టుకుని వెల కట్టడం! నష్టపోతామన్న భయంతో యజమానులు నేరాన్ని కప్పిపుచ్చకూడదని కాబోలు ఈ ఏర్పాటు.

బానిసత్వం పోయినా ఈ లెక్క పోలేదు. హైతీ ప్రజలు పోరాడి 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పాత తోటల యజమానులకు 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించింది. బానిసత్వాన్ని రద్దు చేసిన బ్రిటన్ 1833 చట్టం యజమానులకు 2 కోట్ల పౌన్లు కేటాయించింది. విముక్తులకు దమ్మిడీ లేదు. పైగా ‘అప్రెంటిస్‌’లన్న పేరుతో కొన్నేళ్లు అదే యజమాని దగ్గర వెట్టిచాకిరీ.

ఆ విముక్తుల స్థానంలో పనికి, మారిషస్ చెరకు తోటల్లోకి 1834 నుంచి భారతీయ కూలీలను దించారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లకు అక్కడ ఆ రేవు పేరే పడింది.

మరి ఇక్కడో? 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిని మినహాయించింది. 1843 నాటి 5వ చట్టం, బానిస మీద హక్కును కోర్టులు గుర్తించవని మాత్రం చెప్పింది. బానిసను ఉంచుకోవడం నేరమనలేదు. కోర్టు గడప తొక్కే స్తోమత లేని పాలేరుకు దానివల్ల ఒరిగిందేమిటి? మనిషిని బానిసగా కొన్నా అమ్మినా శిక్షించే భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్ 1862లో గాని అమల్లోకి రాలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ 2 కోట్ల కోసం బ్రిటన్ 1835లో ఒకటిన్నర కోటి పౌన్లు అప్పు చేసింది. అది ప్రభుత్వ బాండ్లలో కలిసిపోయి, పూర్తిగా తీరింది 2015లో. అంటే బ్రిటన్‌లో స్థిరపడిన బానిసల వారసులు కూడా, తమ ముత్తాతల యజమానులకు ఇచ్చిన పరిహారానికి పన్నుల రూపంలో డబ్బు కట్టారు.