రిపోర్టు నార్మల్, నొప్పి నిజం

సత్యవేడు పక్కనే ఉన్న శ్రీసిటీ లాంటి పారిశ్రామికవాడల్లో మిషన్‌లో చెయ్యి నలిగినా, కాలిమీద బరువు పడినా, గాయం కొన్నాళ్ళకు మానుతుంది. కొందరికి నొప్పి మాత్రం పోదు. మంట, కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనడం, తిమ్మిరి, బట్ట తగిలినా ఓర్చుకోలేకపోవడం నరం దెబ్బతిన్నదనడానికి గుర్తులు. ఎక్స్‌రే బాగుంది కాబట్టి జబ్బు లేదనడం పొరపాటు. అది చూపేది ఎముకను. నరాల వేగాన్ని కొలిచే ఎన్‌సీవీ పరీక్షకు కూడా పెద్ద నరపోగులే అందుతాయి. మంటను మోసే సన్నపోగులు అందవు. అందుకే రోగి చెప్పే మాట, డాక్టరు చేత్తో చేసే పరీక్ష అంత ముఖ్యం. 2005లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించిన డీఎన్4 పద్ధతిలో పది అంశాలుంటాయి. నాలుగు కలిస్తే నరాల నొప్పిని గట్టిగా అనుమానించాలి. దీనికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు.

పరిహారం కోసం నటిస్తారు కదా అనే వాళ్ళున్నారు. గాయం తర్వాత వచ్చే సీఆర్‌పీఎస్ అనే జబ్బునే చూడండి. దాన్ని నిర్ధారించే బుడాపెస్ట్ ప్రమాణాల ప్రకారం రోగి మాట ఒక్కటే చాలదు. చర్మం రంగు, వేడిలో తేడా, వాపు, చెమట వంటి గుర్తులు డాక్టరుకూ కనబడాలి. చెయ్యి చల్లబడటం నటనకు లొంగేది కాదు. పైగా పనిలో తగిలిన గాయానికి, ఇంతకాలం చందా కట్టి ఉండాలన్న షరతు కార్మిక బీమా పథకం ఈఎస్‌ఐలో లేదు. తాత్కాలికంగా పనికి పోలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం ఇస్తారు. కాబట్టి ప్రమాదం జరిగిన రోజే ఫ్యాక్టరీ ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. నొప్పి ఏ వేలికి, ఎప్పుడు మొదలైందో, రాత్రి పెరుగుతోందో లేదో కాగితం మీద రాసుకుని తిరుపతి స్విమ్స్ న్యూరాలజీ విభాగం వంటి చోటికి వెళ్ళండి.