తొలి బొంబాయి ప్రయాణం



1994 డిసెంబరులో, ఉపాధ్యాయినిగా నా తొలినాళ్లలో, ఏడవ తరగతి బాలికలను వెంటబెట్టుకొని షోలాపూరు నుండి బొంబాయికి ప్రయాణమైనాను. ఆ మహానగరం వారికెంత కొత్తయో నాకూ అంతే. ఆ సంగతి మాత్రం వారికి చెప్పలేదు.

బయలుదేరుటకు ముందు నెలరోజులు పాఠాలు చెప్పినాను. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడచినదనీ, కామాఠీపురకు ఆ పేరు తెలుగునాట నుండి కూలికి వెళ్లిన కామాఠీల వలన వచ్చినదనీ వల్లె వేయించినాను. అపరిచితులతో మాటాడరాదని గట్టిగా కట్టడి చేసినాను. లోకల్ రైలు స్టేషనులో అర నిమిషం కూడా సరిగా ఆగదన్న విషయం నాకే తెలియదు.

మా బస దాదరులో. అక్కడ జనప్రవాహం మమ్మల్ని ప్లాట్‌ఫారం మీదికి నెట్టివేసింది. లెక్కించగా ఒకరు తక్కువ. రైలు కదలిపోయింది. తరగతిలో ప్రశ్న అడిగితే తల వంచుకొనే నేతపనివారి బిడ్డ, ఆమెయే! మిగిలినవారు నా కొంగు పట్టుకొని నిలబడినారు. ఆ ఇరవై నిమిషాలు నేనెట్లు గడిపినానో ఇప్పటికీ చెప్పలేను.

ఎదుటి ప్లాట్‌ఫారం మీద, పూలబుట్టతో ఉన్న ఒక స్త్రీ చేయి పట్టుకొని ఆమె దిగింది. మాటుంగాలో దిగిపోయి, బజారులో నేర్చిన మరాఠీతో తానే ఆ స్త్రీని పలుకరించినదట. నేనేమీ అడుగక ముందే, “మీరు వద్దన్నారు గదా టీచరుగారూ, అయినా అడిగినాను” అన్నది.

డబ్బులీయబోతే ఆ స్త్రీ నన్ను కసరి, జనంలో కలిసిపోయింది.

మరునాడు గేట్‌వే ఆఫ్ ఇండియా చూచినాము. దాని నిర్మాణం 1924లో పూర్తయినదని అక్కడ చెప్పవలసి ఉన్నది. నేను బాలికలను లెక్కిస్తూ కూర్చున్నాను.