ఆంగ్లాలంకారములు - తెలుగు విద్యార్థి

ఆంగ్ల సాహిత్యమును చదువ మొదలిడిన మన విద్యార్థులను కవిత్వముకంటె ముందుగా భయపెట్టునవి పారిభాషిక పదములు. సిమిలీ, మెటఫర్, రైమ్, ఐరనీ. వాని వెనుక ప్రిపొజిషన్, పాసివ్ వాయిస్. వీని నిర్వచనములను వల్లించుటయే చదువని పెక్కుమంది తలంచుచున్నారు. ఒకమారు నేను దిద్దిన జవాబు పత్రములో ఒక విద్యార్థి మెటఫరునకు నిర్వచనమును అక్షరము పొల్లుపోకుండ వ్రాసి, దాని క్రింద ఉదాహరణముగా సిమిలీ నొకదానిని ఇచ్చియుండెను. ఆ తప్పు వానిది కాదు. పేరు నేర్పి పని చూపని నాది. పేరునకు ముందు పనిని చూడవలెననియే నేటి నా మనవి.

"ముఖము చంద్రునివలె నున్నది" అను వాక్యమును మన ఆలంకారికులు నాలుగు అంగములుగా విప్పి చూపుదురు. ముఖము ఉపమేయము, చంద్రుడు ఉపమానము, 'వలె' ఉపమావాచకము, ఆహ్లాదము గూర్చుట సాధారణ ధర్మము. ఆంగ్లమున 'లైక్', 'యాజ్' అను మాటలు చేయునది ఈ 'వలె' చేయు పనియే. అది యున్నచో సిమిలీ. అది తొలగి, ముఖమే చంద్రుడైనచో మెటఫర్, అనగా మన రూపకము. ఐ. ఏ. రిచర్డ్స్ అను విమర్శకుడు 1936లో మెటఫరును విడదీసి, దాని భాగములకు 'టెనర్', 'వెహికిల్' అని పేరులు పెట్టెను. ఉపమేయోపమానములు తెలిసిన తెలుగు విద్యార్థికి ఆ విభాగము క్రొత్తగా తోపదు.

అయితే ఈ తాళపుచెవి అన్ని తాళములకును పట్టదు. రైమ్ అనగా ప్రాస యని వ్రాయువారు కలరు. పద్యమున మన ప్రాస పాదముయొక్క రెండవ అక్షరమునకు సంబంధించినది. ఆంగ్లమున రైమ్ సామాన్యముగా పాదాంతమున వినవచ్చును. కావున దానికి సరియగు మాట అంత్యప్రాస. మన యతికి చుట్టమును వెదకవలసినచో ప్రాచీనాంగ్ల కవిత్వమునకు పోవలెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వమే పుట్టిన బేవుల్ఫ్ కావ్యమున పాదము రెండు సగములుగా నుండును. ఊనిక గల అక్షరములు ఒకే ధ్వనితో మొదలై ఆ సగములను కలుపును. యతిమైత్రి చేయు పనియు ఇట్టిదే. కాని అచ్చట ఏ అచ్చైనను మరియే అచ్చుతోనైనను కలియును. మనకో, అచ్చులలో అకారమునకు ఆ, ఐ, ఔలతోనే పొత్తు. అట్లే ఐరనీని వ్యాజస్తుతి యనిన సగమే సరి. పొగడ్తలో దాగిన తెగడ్తను వ్యాజస్తుతి చెప్పగలదు. నాటకమున పాత్రకు తెలియనిది ప్రేక్షకునకు తెలియుటవలన కలుగు ఐరనీ ఆ పేరులో ఇమడదు.

వ్యాకరణమునందును ఇంతే. 'ఆన్ ది టేబుల్' అనునప్పుడు 'ఆన్' నామమునకు ముందు నిలుచును. 'బల్లమీద' అనునప్పుడు 'మీద' వెనుక నిలుచును. చోటు మారినది, పని మారలేదు. పాసివ్ వాయిసు మాట వేరు. 'ది విండో వాజ్ బ్రోకెన్' అని ఆంగ్లేయుడు సహజముగా అనును. 'కిటికీ పగులగొట్టబడినది' అని మనము ఇంట అనము. 'ఎవరో కిటికీ పగులగొట్టినారు' అందుము. కర్త తెలియనప్పుడు, లేక చెప్ప నక్కరలేనప్పుడు ఆంగ్లము ఈ రూపమును వాడునని గ్రహించిన విద్యార్థి, సూత్రము మరచినను వాక్యమును తప్పడు.

పేరులు అటునుండి ఇటు మాత్రమే వచ్చినవని అనుకొనరాదు. అమెరికా భాషావేత్త బ్లూమ్‌ఫీల్డ్ 1933లో ప్రకటించిన 'లాంగ్వేజ్' అను గ్రంథమున ద్వంద్వ, తత్పురుష, బహువ్రీహి పదములను గైకొనెను. 'రెడ్‌హెడ్' అనగా ఎఱ్ఱని తల కాదు, ఎఱ్ఱని జుట్టు గల మనిషి. పీతాంబరుడు పచ్చని బట్ట కానట్లే ఇదియు. పాణినీయులు పెట్టిన పేరు ఆంగ్లపు మాటకు అతికినట్లు సరిపోయినది.

కావున విద్యార్థులారా, క్రొత్త పారిభాషిక పదము ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. వాక్యములో ఈ పనిని చేయుచున్న మాట యేది? దానిని తీసివేసినచో పోవునదేమి? నా భాషలో ఆ పని యెట్లు జరుగును? ఈ మూటికి జవాబు దొరికిన పిమ్మట నిర్వచనమును మీ సొంత మాటలలో మీరే వ్రాయగలరు. అట్లు వ్రాసినది పరీక్ష ముగిసిన మరునాడును మీతో నుండును.