శోథము, ఆకలి, ఒడలి బరువు
(నంద్యాల మహాసభలో చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. శబ్దములును ధాతువులును బాలురకు వల్లెవేయించినవారము. అయినను మా యింట జరిగినదానినిబట్టి నాలుగు మాటలు విన్నవింపక తప్పదు.

ఆళ్లగడ్డలో ఱాతివిగ్రహములు చెక్కు మా బావగారు కీళ్లవాతముచే వ్రేళ్లు వాచి, అన్నము సహింపక చిక్కిపోయిరి. మొండితనమని మేమందఱమును కోపించితిమి. అది మొండితనము కాదు. ఒడలిలో శోథము, అనగా వాపును మంటయు, పుట్టినప్పుడు రక్తములోని తెల్లకణములు కొన్ని ద్రవ్యములను వెలువరించును. అవి మెదడున ఆకలిని అణచును, కండను కరగించును. ఒక వ్యాధికి మనవారు క్షయ యని పేరిడినది యీ కృశత్వమును చూచియే.

అంతట మెదడు పంపు కబురుచే, మూత్రపిండములపైనుండు అధివృక్కగ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును స్రవించును. భయశోకములయందు హెచ్చునదియు నిదియే. ఇది శోథమును చల్లార్చి ఆకలిని లేపును. ఈ గ్రంథులు చెడినవారు ఆకలిలేక శుష్కించుటను 1855లో థామస్ అడిసన్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్, ఈ జాతిదే యగు కార్టిసోనును కీళ్లవాతరోగి కీయగా, కదలలేని రోగి కొలదిదినములలో నడచెను. 1950లో ఆయనకును మఱి యిద్దఱికిని నోబెల్ బహుమానము లభించెను.

మా బావగారికిని ఎవరో యట్టి స్టెరాయిడు మాత్రలే చెప్పిరి. వైద్యుని చీటి లేకయే కొనిరి. నొప్పి పోయెను; ఉలి మరల చేతికి వచ్చెను; ఆకలి పెరిగెను; మొగము నిండెను. ఒళ్లు వచ్చినదని సంతోషించినవారము మేమే! వచ్చినది క్రొవ్వును నీరును. హార్మోను మితిమీరినచో మొగమును కడుపును పెరుగును, కాలుసేతుల కండ తరుగును. కొన్ని నెలలకు సుత్తి బరువైనదని వారనగా, వయస్సని త్రోసివేసితిమి.

పిదప సంగతి తెలిసి, మాత్రల నొక్కసారిగా మాన్పించితిమి. ఇది మొదటిదానికంటె పెద్ద తప్పు. బయటినుండి వచ్చు మందునకు అలవాటుపడిన గ్రంథులు తమ పని మఱచియుండును. మూడవనాడు వారు స్పృహ తప్పగా కారులో నంద్యాలకు తెచ్చితిమి. వైద్యులు సూదిమందుతో బ్రతికించి, తరువాత మోతాదును కొంచెము కొంచెముగా తగ్గించిరి. ఆ మందే చెడ్డదని మేమనము. వైద్యుడు కొలిచి యిచ్చినచో ప్రాణదాత.

ఇంటికేగి మందుల పెట్టె తెఱచి చూడుడు. ప్రెడ్నిసొలోను, డెక్సామెథసోను అను పేర్లు కనబడినచో, వానిని తమంత మానక, తమంత కొనసాగింపక, వైద్యునికి చూపుడు. అన్నము వలదను రోగిని కోపింపక, కొంచెము గంజి ముందుంచి, జ్వరమో వాపో యున్నదేమో విచారింపుడు.