యుద్ధకాలంలో దూరగామి విమానం: బి-29 నిర్మాణగాథ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమానం గాలిలోకి లేవడం ఒక విద్య. బరువు మోసుకొని వేల మైళ్ళు వెళ్ళి తిరిగి రావడం వేరొక విద్య. దూరం వెళ్ళాలంటే పెట్రోలు ఎక్కువ కావాలి. పెట్రోలు పెరిగితే బరువు పెరుగుతుంది. ఆ బరువును ఎత్తడానికి శక్తిమంతమైన ఇంజన్లు కావాలి. అవి మరింత పెట్రోలు త్రాగుతాయి. ఈ చిక్కుముడిని విప్పడానికి శాంతికాలంలోనైతే ఇంజనీర్లు పది పదిహేనేళ్ళు తీసుకొనేవారేమో. యుద్ధం వారికి అంత వ్యవధి ఇవ్వలేదు.

1940 జనవరిలో అమెరికా సైనిక వైమానిక విభాగం 5,333 మైళ్ళు ప్రయాణించగల బాంబర్ కావాలని విమాన నిర్మాతలను కోరినది. సియాటిల్ నగరంలోని బోయింగ్ సంస్థ సమర్పించిన నమూనాయే తరువాత బి-29గా ప్రసిద్ధి పొందినది. రెక్కల ఈ కొస నుండి ఆ కొసకు 141 అడుగులు. నిండు బరువు సుమారు 60 టన్నులు. గాలి నిరోధం తగ్గించడానికి రెక్కను సన్నగా, పొడవుగా మలిచారు. అటువంటి రెక్క తక్కువ వేగంలో బరువును నిలపలేదు. కనుక ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ వెనుకకు జారి రెక్క వైశాల్యాన్ని పెంచే పెద్ద పలకలను అమర్చారు. ముప్పై వేల అడుగుల ఎత్తున ప్రాణవాయువు చాలదు, చలి దుర్భరం. అందుచేత సిబ్బంది కూర్చొనే గదులలో గాలి ఒత్తిడిని నిలిపి ఉంచారు. బాంబుల అర తలుపులు ఆకాశంలో తెరవక తప్పదు గనుక అక్కడ ఒత్తిడి నిలవదు. ముందు గది నుండి వెనుక గదికి పోవడానికి ఆ అర పైభాగాన ఒక గొట్టపు దారి నిర్మించారు. మనిషి దానిలో ప్రాకుతూ పోవాలి. ఈనాడు విమానంలో మనం హాయిగా ఊపిరి తీసుకోవడం వెనుక ఇటువంటి ప్రయోగాలున్నవి.

ఇంజన్లే దాని బలహీనత. ఒక్కొక్కటి 2,200 అశ్వశక్తి గల రైట్ ఇంజన్లు నాలుగు. బరువు తగ్గించడానికి వాటిలో మెగ్నీషియం లోహం వాడారు. మెగ్నీషియం అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో మన ప్రయోగశాలలో రిబ్బను వెలిగించి చూచిన విద్యార్థులందరికీ తెలుసు. 1942 సెప్టెంబరు 21న ఎడ్డీ అలెన్ అనే పరీక్షా చోదకుడు మొదటి విమానాన్ని నడిపాడు. 1943 ఫిబ్రవరి 18న రెండవ నమూనాలో నిప్పు పుట్టి, అది సియాటిల్‌లోని ఒక మాంసపు కర్మాగారంపై కూలినది. అలెన్, ఆయనతో ఉన్న పదిమందీ, క్రింద పనిలో ఉన్న ఎందరో మరణించారు. అయినా పని ఆగలేదు, ఆగే వీలు లేదు. మొదటి విమానం నేల విడువక ముందే 1,600కు పైగా విమానాలకు ఆర్డరు ఇచ్చి ఉన్నారు! కర్మాగారాలలో రివెట్లు కొట్టినవారిలో స్త్రీలు వేలాదిగా ఉన్నారు. 1944 మార్చిలో కాన్సాస్ రాష్ట్రపు మంచుగాలిలో, ఆరుబయట, అసంపూర్తి విమానాలను రాత్రింబవళ్ళు సరిచేశారు. ఆ నెలను అక్కడివారు కాన్సాస్ యుద్ధమని పిలిచారు.

అవి మొదట యుద్ధానికి వచ్చినది మన దేశానికే. బెంగాల్-నాగపూర్ రైల్వే ఉద్యోగాల వల్ల ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ వాటి ప్రధాన స్థావరం. చాకులియా, పియార్‌డోబా, దూద్‌కుండీ మిగిలినవి. దేశభక్తులను నిర్బంధించిన హిజ్లీ శిబిర భవనంలో సేనాధిపతుల కార్యాలయం నెలకొన్నది. 1951లో ఐ.ఐ.టి. తొలి తరగతులు మొదలైనదీ ఆ ప్రాంగణంలోనే. 1942 తుఫానూ, 1943 కరువూ కుదిపివేసిన మేదినీపూర్ జిల్లా అది. తిండిలేక లక్షల ప్రాణాలు పోయిన బెంగాల్‌లో ఆ వెంటనే అంతటి ఖరీదైన యంత్రాల కోసం రన్‌వేలు పొడిగించారన్న సంగతిని చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటివేయడం న్యాయం కాదు.

ఖరగ్‌పూర్ నుండి జపాను దూరం. అందుచేత చైనాలోని చెంగ్‌డూ దగ్గర మజిలీ ఏర్పరచారు. అక్కడ లక్షలమంది చైనా రైతులు రాళ్ళు చేతులతో పగులగొట్టి, పెద్ద రోలర్లను త్రాళ్ళతో లాగి విమానాశ్రయాలు కట్టారు. పెట్రోలు మాత్రం హిమాలయాల మీదుగా విమానాలలోనే పోవాలి. ఒక విమానం జపానుపైకి ఒక్కసారి వెళ్ళిరావడానికి సరిపడే పెట్రోలు చేర్చాలంటే సుమారు ఆరేడు సార్లు పర్వతాలు దాటాలి! 1944 జూన్ 15న యవాటా ఉక్కు కర్మాగారంపై జరిగిన దాడిలో నష్టం స్వల్పమే. మన ఎండలకు ఇంజన్లు మరింత వేడెక్కేవి. లోహం ముట్టుకోలేక మెకానిక్కులు రాత్రులు, తెల్లవారుజామున పనిచేసేవారు. ఇంత ప్రయాసకు ఫలితం చాలక, 1945 తొలి నెలలలో ఆ దళాలు పసిఫిక్‌లోని మరియానా దీవులకు తరలినవి.

అక్కడ మరొక వింత. జపాను మీద ముప్పై వేల అడుగుల ఎత్తున వీచే ప్రచండ వాయుప్రవాహాలు బాంబుల గురిని చెదరగొట్టినవి. సేనాధిపతి లెమే విమానాలను రాత్రివేళ ఐదు నుండి తొమ్మిది వేల అడుగుల ఎత్తుకు దించి, నిప్పు బాంబులు వేయించాడు. ఎత్తున ఎగరడానికి అంత శ్రమపడి కట్టిన గాలి గదుల అవసరమే ఆ రాత్రులలో లేకపోయినది. 1945 మార్చి 9-10 రాత్రి టోక్యోలో కర్రతో, కాగితంతో కట్టుకొన్న ఇండ్ల పేటలు తగులబడినవి. ఆ ఒక్క రాత్రి సుమారు లక్షమంది మరణించినట్లు అంచనా. వారిలో అత్యధికులు సామాన్య పౌరులు.

ఆగస్టు 6న హిరోషిమాపైనా, 9న నాగసాకిపైనా అణుబాంబులు వేసిన రెండు విమానాలూ బి-29లే. రెండూ నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా కర్మాగారంలో తయారైనవి. అవి తయారైన నాటికి అణుబాంబు అనేది ఒకటున్నదని లోకానికి తెలియదు. అధ్యక్షుడు ట్రూమన్ దానిని ప్రకటించినది ఆగస్టు 6ననే.