శరీరం కూడా అమానతే

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులు, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మన సఫ్‌లలో మేస్త్రీలు, సెంట్రింగ్ పనివారు, సైట్ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు ఉన్నారు. నేడు వారి అలసట గురించి మాట్లాడుకుందాం.

మదీనాలో మస్జిదె నబవీ కడుతున్న రోజుల్లో సహాబాలు ఒక్కొక్క ఇటుక మోస్తుంటే, హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) రెండేసి మోసేవారు. అది చూసిన దైవప్రవక్త (స) ఆయన ఒంటి మీది దుమ్మును స్వయంగా దులిపారు. కందకం తవ్వేటప్పుడు తామూ మట్టి మోశారు. నిర్మాణ శ్రమను ఆయన తన శరీరంతో ఎరిగినవారు.

ఎండ తీవ్రమైనప్పుడు జుహ్ర్ నమాజును చల్లబడే వరకు ఆలస్యం చేయమన్నది కూడా ఆయనే. ఆలోచించండి. అల్లాహ్ విధించిన నమాజుకే ఎండ కారణంగా వెసులుబాటు ఉన్నప్పుడు మన స్లాబుకు ఎందుకు ఉండకూడదు? ఖతర్‌లో 2021 నాటి నిర్ణయం ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు, ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. కరీంనగర్, నిజామాబాద్, కడపల నుండి వెళ్లిన మన సోదరులకు ఈ సంగతి తెలుసు. వారిలోనే కొందరు సెలవుపై వచ్చి, రోహిణి కార్తెలో ఇల్లు కట్టించుకుంటూ, మిట్టమధ్యాహ్నం కూలీని పరంజా మీద నిలబెడుతున్నారు.

కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపలేమని ఇంజనీరు సోదరులు అంటారు. నిజమే, ఆపితే అతుకు పడుతుంది, అక్కడ నీరు కారుతుంది. అయితే ఆ సంగతి ముందురోజే తెలుసు కదా! రెండవ జట్టును పిలిస్తే డబ్బు ఖర్చవుతుంది, అంతే. ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి అవే చేతులతో తెల్లవారే వరకు పని చేయిస్తాము. సేవకులపై శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే వారికి తోడ్పడాలని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. స్లాబు పగలకుండా గట్లు కట్టి ఏడు రోజులు నీళ్లు నిలుపుతాము. దానిని పోసినవానికి మరునాడు సెలవు ఇవ్వము.

ఇంజనీరు అలసట కంటికి కనిపించదు. పగలంతా సైటు, రాత్రంతా ఫోను. గడువు ఒకవైపు, రాని బిల్లు మరొకవైపు. ఇంట్లో పిల్లల మాటకు కోపం, ఇషా నమాజులో సిమెంటు లెక్కలు. దీనిని ఈమాన్ బలహీనత అని నిందించడానికి మనం తొందరపడతాము. చాలావరకు ఇది నిద్రలేమి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతిదినం ఉపవాసంతో, ప్రతిరాత్రి నమాజుతో గడుపుతున్నప్పుడు, శరీరానికీ కళ్లకూ భార్యకూ ఆయనపై హక్కు ఉందని ప్రవక్త (స) గుర్తుచేశారు. ఆరాధన కోసమే ఆ హక్కును కాజేయరాదంటే, గడువు కోసం కాజేయవచ్చునా?

నడుము నొప్పికి మాత్ర మింగి మళ్లీ 50 కిలోల సిమెంటు బస్తా ఎత్తే సోదరునికి ఒక మాట. నొప్పిని దాచడం సబ్ర్ కాదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. మేస్త్రీతో చెప్పండి. చెప్పినందుకు కూలి కోసే మేస్త్రీ (అటువంటివారు ఈ సఫ్‌లలోనూ ఉండవచ్చు) అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి.

గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుండి 60 ఏళ్ల లోపు కార్మికుడు భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. మనలో ఎందరో ఇంకా చేసుకోలేదు. ప్రమాదం జరిగాక ఆ కార్డు కోసం వెతికితే లాభం లేదు. చదువుకున్న యువకులారా! నమాజు తరువాత కాసేపు ఇక్కడే కూర్చుని, ఆధార్ తెచ్చిన వారి దరఖాస్తులు నింపి పెట్టండి.