మాంసం మీద ఆ ముద్ర ఎవరు వేస్తారు?

మాంసం కొట్టుకి వెళ్తే "లేతదేనా అన్నా?" అని అడుగుతాం. "డాక్టర్ చూశాడా?" అని ఎప్పుడైనా అడిగామా? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. దున్నల కబేళానే ఉదాహరణగా తీసుకుందాం.

అక్కడ పరీక్ష రెండుసార్లు ఉంటుంది. మొదటిది పశువు బతికుండగానే. నడక ఎలా ఉంది, జ్వరం ఉందా, ఊపిరి సరిగా ఆడుతోందా అని పశువైద్యుడు చూస్తాడు. దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, అనుమానం వచ్చిందా, ఆ పశువుని అస్సలు కోయకూడదు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు స్పోర్లుగా మారతాయి. మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

రెండో పరీక్ష కోశాక. ఊపిరితిత్తులు, కార్జం, గుండె చూసి, చేత్తో నొక్కి, లింఫ్ గ్రంథుల్ని కోసి చూస్తారు. దవడ కండరాలు కూడా కోస్తారు. ఎందుకో తెలుసా? బద్దెపురుగు పిల్లలు తిత్తుల్లా అక్కడ దాక్కుంటాయి కాబట్టి.

ఇప్పుడు అసలు ప్రశ్న. జబ్బు కనిపిస్తే మొత్తం పారేస్తారా? అన్నిసార్లూ కాదు. కార్జంలో జలగలుంటే సాధారణంగా ఆ కార్జం తీసేస్తే సరిపోతుంది. కానీ టీబీ ఒళ్లంతా పాకిందనుకోండి, మొత్తం పశువునే తిరస్కరించాలి. "గడ్డలున్న చోట కోసేసి మిగతాది ఇచ్చేయండి సార్" అని ఓనర్ బతిమాలొచ్చు. అతని నష్టం చిన్నది కాదు, నిజమే. కానీ క్రిములు రక్తంలో తిరిగాక శుభ్రంగా కనిపించే ముక్కని ఎలా నమ్ముతాం? వండితే క్రిములు చస్తాయి, సరే. మరి ఆ మాంసాన్ని పచ్చిగా కోసే చేతుల సంగతి?

తిరస్కరించిన మాంసం వెనకదారిన మళ్లీ మార్కెట్‌కి రాకూడదు. అందుకే రంగు పోసి, కాల్చేయడమో పూడ్చేయడమో చేస్తారు.

ఇంకో విషయం. మన దేశంలో 2001 కబేళా నిబంధనల ప్రకారం ఒక డాక్టర్ గంటకి 12, రోజుకి 96 పశువులకి మించి పరీక్షించకూడదు. అంటే ఒక్కోదానికి కనీసం 5 నిమిషాలు. మన ఆరోగ్యం ఆ 5 నిమిషాల మీదే ఆధారపడి ఉంది ఫ్రెండ్స్! హడావిడిగా చూస్తే ముద్ర పడుతుంది, జబ్బు మాత్రం దాటిపోతుంది.

ఈసారి కొట్టుకి వెళ్లినప్పుడు ఒక్కమాట అడగండి: "ముద్ర ఉందా అన్నా?" ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, బై!